అమ్మిన సంచుల బాగోగులు

బేరాల్లేని నెలల్లో కూడా సంచులావిడ పదింటికల్లా నున్నగా తల దువ్వుకుని, మెడలో టేపు వేసుకుని, ముందుగదిలో మిషను దగ్గర కూర్చుంటుంది. కుట్టడానికేమీ లేకపోతే మిషనుకు నూనె వేసి, నోటుపుస్తకం తెరిచి, ఎప్పుడో సంచులు కొన్నవాళ్లకు వరసగా ఫోన్లు చేస్తుంది. కొత్తవి కొనమని పొరపాటున కూడా అనదు. "సంచి ఎలా ఉందండీ? పిడి ఊడితే పట్టుకురండి, ఊరికే కుట్టి ఇస్తాను," అంటుంది, కాపురానికి పంపిన కూతురి సంగతులు అడిగినట్టు. ప్రతి సంచి లోపలా ఆ సంచి గుడ్డదే ముక్క ఒకటి, ముందుముందు అతుకు కోసం దాచి కుడుతుంది. ఉతికినప్పుడల్లా సంచితోపాటే అదీ రంగు వెలుస్తుందని, అతుకేస్తే తేడా తెలియదని ఆవిడ లెక్క. "అమ్మేసిన సంచుల క్షేమసమాచారాలు కనుక్కునేదాన్ని నిన్నే చూశా వదినా!" అని ఆడపడుచు నవ్వేది. ఖాళీగా పడున్న రెండో మిషను మీద ఉతికిన బట్టలు గుట్టగా పోసి, దాన్ని అమ్మేద్దామని మూడు నెలలుగా పోరేది కూడా.

ఆ మంగళవారం ఫోను అందుకున్న ఒక హెడ్మిస్ట్రెస్ ఎనిమిదేళ్ల నాటి సంచి పట్టుకొచ్చింది. పిడి ఊడి, పక్కన చిరిగింది. సంచులావిడ లోపలి ముక్క విప్పి అతుకేసి, పిడి కుట్టి, రెండు చేతులా గుంజి చూసి ఇచ్చింది. హెడ్మిస్ట్రెస్ అతుకు కోసం వెతికి, కనబడక, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ వెతికింది. "మా టీచర్లు నలభైమందికీ ఇవే కావాలి. నెలాఖరుకి ఇవ్వగలరా?"

సంచులావిడ నోరు తెరిచేలోపే ఆడపడుచు ఆ బట్టల గుట్టంతా మంచం మీద కుమ్మరించి, రెండో మిషను ముందుకు స్టూలు లాక్కుని కూర్చుంది.

"దారం ఏ రంగు వదినా?"