ఎదురు పడిన ఒక్క ఓటు

ఆ లోక్‌సభ ఎన్నికల వేసవిలో నేను కదిరి వైపు ఒక మెట్ట మండలానికి తహశీల్దారుగా ఉన్నాను. జూన్ మొదట్లో, ఫలితాల రోజున, నన్ను లెక్కింపు కేంద్రంలో సహాయ రిటర్నింగ్ అధికారిగా వేశారు. ఒక అసెంబ్లీ సెగ్మెంటు యంత్రాలన్నిటినీ పద్ధతి ప్రకారం తెరిపించి, చదివించి, మళ్లీ సీలు వేయించడం ఆ అధికారి పని.

లెక్కింపు ఎలా జరుగుతుందో బయటివాళ్లకు అంతగా తెలియదు. ప్రతి పోలింగు కేంద్రం యంత్రాన్నీ విడిగా బల్ల మీద పెడతారు. సూపర్‌వైజరు సీలు చూపించి, ఫలితం మీట నొక్కి, ఏ అభ్యర్థికి ఎన్ని పడ్డాయో పైకి చదువుతాడు. ఇనుప జాలీకి అవతల కూర్చున్న అభ్యర్థుల ఏజెంట్లు రాసుకుంటారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, కాగితం బ్యాలెట్ల కాలంలో, వేర్వేరు పెట్టెల ఓట్లు కలిపేసి కట్టలు కట్టి లెక్కించడం చూశాను. అప్పుడు ఏ ఊరు ఎటు వేసిందో ఊహించడమే తప్ప తేలేది కాదు.

మా మండలంలో ఒక పల్లెకు విడిగా పోలింగు కేంద్రం ఉండేది. దాని పేరు రాయను, చిన్నపల్లె అంటాను. గుట్ట అవతల ఉంటుంది. వృద్ధులు అంతదూరం నడవలేరని అక్కడే బడిలో కేంద్రం పెట్టారు. ఆ యంత్రం చదివినప్పుడు జాలీ అవతల ఒక్కసారిగా అలికిడి తగ్గింది. జిల్లాలోనూ దేశంలోనూ గెలుస్తున్న పక్షానికి అక్కడ దాదాపు ఏమీ పడలేదు. గెలిచే పక్షం ఏజెంట్లలో గంగాధర అనే అతను ఉన్నాడు. చిన్నపల్లె ఉన్న పంచాయతీకి కేంద్రమైన పెద్దూరి మనిషి, నీళ్ల ట్యాంకర్ల కాంట్రాక్టు కూడా అతనిదే. అతను కోప్పడలేదు. కాగితం మీద ఆ అంకె చుట్టూ గీత గీసి, నావైపు చూసి నవ్వాడు.

ఇప్పుడు పెన్షనరును కాబట్టి చెప్పవచ్చు. దేశం మొత్తం మీద వచ్చిన ఆ ఫలితం నాకూ నిరాశే. ఓటమి ఎవరికైనా వస్తుంది, పోతుంది. నన్ను కలవరపెట్టినవి మరుసటి రోజు ఆఫీసులో విన్న మాటలు. ఇకమీదట ఎదురు మాట్లాడేవాళ్లు ఉండరని ఒకరు, ఉండకూడదని మరొకరు అన్నారు. రెండో మాట అన్నవాడు నాతో కలిసి పరీక్ష రాసి ఉద్యోగంలో చేరినవాడు.

వారం తిరగకుండా చిన్నపల్లెకు ట్యాంకరు ఆగిపోయింది. అక్కడి బోర్లు ఏప్రిల్‌లోనే ఎండిపోయాయి. ట్యాంకరు ఎన్ని ట్రిప్పులు తోలిందో ధ్రువీకరించి నేను సంతకం చేస్తేనే బిల్లు పాసవుతుంది. అడిగితే, దారి చెడిపోయిందని గంగాధర జవాబిచ్చాడు. మా వీఆర్వో హుసేన్ మోటారుసైకిల్ మీద పోయి చూసి వచ్చాడు. దారికి ఏమీ కాలేదు. పల్లె ఆడవాళ్లు గుట్ట దిగి, పొలాల్లోని ఒక బావి నుంచి మోసుకుంటున్నారట. ఒక్కరూ ఫిర్యాదు మాత్రం ఇవ్వలేదు.

నేను వేరే ట్యాంకరును ఏర్పాటు చేసి, హుసేన్‌ను డ్రైవరు పక్కన కూర్చోబెట్టి, జీపులో వెనకే వెళ్లాను. ఉదయం పదిగంటలప్పటికే ఎండ మండుతోంది. ట్యాంకరు పల్లె నడుమ ఆగి హారను కొట్టింది. మామూలుగా అయితే బిందెల చప్పుడుతో, తోపులాటతో ఆ వీధి దద్దరిల్లాలి. ఆ రోజు ఒక్క తలుపు తెరుచుకోలేదు. లోపల మనుషులు ఉన్నారని దగ్గుల వల్ల, పిల్లలను గదమాయించే గొంతుల వల్ల తెలుస్తోంది. పైపు నుంచి చుక్కలు మట్టిలో పడుతున్నాయి. ఇన్నేళ్ల సర్వీసులో రాళ్లు పడ్డచోట నిలబడ్డాను, శవపంచనామాలు చేశాను. అంత భయం నాకు ఎప్పుడూ వేయలేదు.

చివరికి పల్లె పెద్ద ఓబులేసు వచ్చాడు. తుండుగుడ్డ చేతిలో నలుపుతూ, తల ఎత్తకుండా చెప్పాడు.

"వొద్దు మేడమ్. వెనక్కి తోలుకుపోండి. ఈ నీళ్లు పట్టుకుంటే వాళ్ల మీద కంప్లైంటు ఇచ్చినట్టే లెక్కంట. నిన్ననే చెప్పిపోయినారు. మీరు ఈ పొద్దుంటారు, రేపు బదిలీ అయి పోతారు. మేము ఈడే బతకాల."

ఎవరు చెప్పారో రాసివ్వమన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. "మేము ఎవరికి ఏసినామో మేము చెప్పకుండానే తెలిసిపాయ కదమ్మా. ఇంగ రాసి యేమిచ్చేది?"

అప్పుడు ఎదురింటి తలుపు తీసుకుని నాగమ్మ అనే ఆమె రెండు బిందెలతో బయటికి వచ్చింది. యాభై దాటిన మనిషి, శెనక్కాయ చేలల్లో కూలికి పోతుంది. ఓబులేసు వారించబోతే ఆమె ఆగలేదు.

"నా కోడలు బాలింత. పసిబిడ్డ గుడ్డలు ఉతికి మూడు దినాలాయ. మీరు భయపడుకుంటా ఉండండన్నా, నేను పట్టుకుంటా" అంది.

ఆమె నింపుకుని పోయాక ఇంకొక తలుపు, తర్వాత ఇంకొకటి తెరుచుకున్నాయి. గంటలో ట్యాంకరు ఖాళీ అయింది. వానలు పడేదాకా ఆ ఏర్పాటే నడిపించాను. గంగాధర తోలకుండానే బిల్లులో రాసుకున్న ట్రిప్పులన్నీ కొట్టేశాను. అతను వాదన పెట్టుకోలేదు. సమస్య తీరిందని నేను అనుకున్నాను.

చలికాలంలో ఆ పల్లె వార్డు సభ్యుడు చనిపోతే పంచాయతీ ఉప ఎన్నిక వచ్చింది. వార్డంటే ఆ పల్లే. గంగాధర నిలబెట్టిన మనిషికి పోటీ లేకుండా చేయాలని అందరూ అనుకున్నారు. కానీ నామినేషను వేసిన పెద్దూరి అతనొకడు ఉపసంహరణ గడువులోగా రాకపోవడంతో అతని గుర్తు కూడా బ్యాలెట్ కాగితం మీద మిగిలిపోయింది. పోలింగుకు ముందు ఓబులేసు ఆఫీసుకు వచ్చాడు. గంగాధర మనిషికే వేయాలని పల్లెంతా ఒకే మాట మీద ఉందని, ఒక్క ఓటు కూడా తప్పిపోదని చెప్పాడు. ఆపైన ఒక కోరిక కోరాడు.

"లెక్కపెట్టేటప్పుడు గట్టిగా చదివించండి మేడమ్. వాళ్లందరికీ ఇనపడాల."

ఓటు రహస్యమని, ఎవరికీ చూపించుకోనక్కర లేదని ఆయనకు చెప్పాను. ఆయన మర్యాదగా విన్నాడు. ఆ మాట ఇక ఆయనకు పనికొచ్చేది కాదని నాకూ తెలుసు.

పంచాయతీ ఎన్నికల్లో పోలింగు ముగిసిన మధ్యాహ్నమే లెక్కింపు. బడి గదిలో కాగితాలు విప్పుతున్నప్పుడు పర్యవేక్షణకు నేనూ ఉన్నాను. అన్నీ ఒకే గుర్తుకు. నడిమధ్యలో ఒక కాగితం రెండో గుర్తుకు పడింది. ముద్ర సరిగ్గా గడి మధ్యలో ఉంది, పొరపాటని కొట్టేయడానికి వీల్లేదు. రిటర్నింగ్ అధికారి పైకి చదివాడు. కిటికీ దగ్గర గంగాధర తల ఊపి మళ్లీ నవ్వాడు. ఓబులేసు మాత్రం అక్కడున్న పల్లెవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూశాడు.

అందరూ పోయాక ఆయన నా దగ్గరికి వచ్చి అడిగాడు. "ఆ కాగితం ఒక్కసారి చూపీండి మేడమ్. ముద్ర ఏసిన తీరు చూస్తే ఎవురిదో పట్టుకుంటాం."

కుదరదన్నాను. బ్యాలెట్లు సంచిలో పెట్టి, లక్క కరిగించి సీలు వేయించాను. చట్టం నా చేతికిచ్చిన రక్షణ అంతే.

తర్వాత జరిగింది హుసేన్ చెప్పగా విన్నాను. పల్లెవాళ్లు ఇల్లిల్లూ పిలిచి, గుడి ముందర కర్పూరం వెలిగించి, ఆ ఓటు తాము వేయలేదని అది ఆర్పి ప్రమాణం చేయమన్నారు. గంగాధర మనుషులు ఎవరూ ఆ దరిదాపుల్లో లేరు. వాళ్లకు ఆ అవసరం లేకపోయింది. అందరూ ప్రమాణం చేశారు. నాగమ్మ మాత్రం చేయనంది. "ఏసినా అనను, ఏయలేదనీ అనను. నా ఓటు నాది" అందట.

ఆమె వేసిందో లేదో నాకు తెలియదు. వాళ్లకూ తెలియదు. అయినా కూలి గుంపులో ఆమెను పిలవడం మానేశారు. ఆమె కోడలు బోరింగు దగ్గరికి వస్తే మిగతావాళ్లు పక్కకు జరిగేవారు. నేను పల్లెకు పోయి అందరినీ కూర్చోబెట్టి మాట్లాడాను. ఒక్కరు ఎదురు చెప్పలేదు, ఒక్కరు ఒప్పుకోలేదు. ఉగాదికి ముందే ఆ కుటుంబం బిడ్డను తీసుకుని బెంగళూరుకు ఇళ్లు కట్టే పనికి వెళ్లిపోయింది. వాళ్ల ఫోను నెంబర్లలో నాకు తెలిసినది ఒక్కటి కూడా తర్వాత పలకలేదు.

చిన్న కేంద్రాల ఓట్లను పక్క కేంద్రాలతో కలిపి లెక్కించే వీలు కల్పించాలని పైఅధికారులకు నివేదిక పంపాను. అందినట్టు రసీదు వచ్చింది. ఆ తర్వాత పదవీ విరమణ చేశాను.

అట్ట తెర వెనక మనిషి ఒంటరిగా మీట నొక్కితే ఓటు రహస్యమైపోతుందని నా సర్వీసంతా శిక్షణ తరగతుల్లో చెప్పాను. ఓటరు వేలమందిలో ఒకడిగా కలిసిపోయే చోటే ఆ రహస్యం నిలుస్తుందని చిన్నపల్లెలో తెలిసింది. భయం ఒకసారి ఊళ్లోకి వచ్చాక దాన్ని తెచ్చినవాడు కాపలా ఉండనక్కర లేదనీ, ఊరే ఆ కాపలా కాస్తుందనీ కూడా అక్కడే తెలిసింది. ఇప్పుడు ఫలితాల రోజున ఎవరు గెలిచారని నేను అడగను. ఓడినవాళ్ల ఊళ్లు నెల తర్వాత ఎలా ఉన్నాయని, ఇంకా సర్వీసులో ఉన్నవాళ్లకు ఫోను చేసి అడుగుతాను.