ఇనపగోడకు పరదా

గాల్వెస్టన్ రేవులో ఏటా విహారపు ఓడెక్కే జనంలో వెర్నా కొవాల్‌స్కీని ఇట్టే పోల్చుకోవచ్చు. టిప్పు ఇవ్వాల్సొస్తుందని పెట్టె తనే ఈడ్చుకొస్తుంది. కిటికీ లేని లోపలి గదే తీసుకుంటుంది, అన్నిటికన్నా అదే చవక. గదిలోకి రాగానే ఇనపగోడకు అయస్కాంతపు కొక్కేలు అంటించి, ఇంటినుంచి తెచ్చిన పూల పరదా కడుతుంది. వెనక గోడ తప్ప ఏమీ లేదు. అయినా పొద్దున్నే లేచి పక్కకు లాగుతుంది, రాత్రికి మళ్ళీ వేస్తుంది. ఊళ్ళు చూడ్డానికి దిగేటప్పుడు ఓడలోనే కడుపునిండా తిని, రెండు రొట్టెలు రుమాల్లో చుట్టుకుని మరీ దిగుతుంది.

ఈసారి, గది అద్దె సగం పంచుకోడానికి వచ్చిన ఆడబిడ్డ ఫేయ్, ఎక్కిన సాయంత్రమే రొప్పుతూ వచ్చింది.

"వదినా, పైన బాల్కనీ గది ఖాళీ అట! మనకి ఊరికే ఇస్తారట. లే, సర్దు!"

"నువ్వెళ్ళు. నేను రాను."

"నీకేమన్నా పిచ్చా? పైసా అడగట్లేదు కదా!"

"ఇప్పుడు అడగరే. ఒక్కసారి సముద్రం చూస్తూ పడుకోడం అలవాటైతే, వచ్చే ఏడు ఈ గదిలో నాకు ఊపిరాడుద్దా?"

ఫేయ్ మూతి ముడుచుకుని తన పెట్టె లాక్కుంటూ పైకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న వెర్నా లేచి, మొహం కడుక్కుని, ఎప్పట్లాగే పరదా దాకా వెళ్ళింది. అంచు పట్టుకుని, ఫేయ్ ఉన్న పై అంతస్తు వైపు ఓసారి తలెత్తి చూసి, తియ్యకుండానే వదిలేసింది.