ఐదు పాయింట్ల మొగుడు

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టడానికి నాకింకా తల నెరవలేదు గానీ, ఆ రోజుల్లో నాకున్న తెలివిని తలుచుకుంటే నిజంగానే ఒక తరం గడిచిపోయినట్టు అనిపిస్తుంది. అప్పట్లో నాకు మనుషులు పాయింట్లుగా కనిపించేవారు. ఆస్ట్రేలియాలో మాస్టర్స్ చదివి, అక్కడే చిన్న ఉద్యోగంలో చేరి, చదువైనవాళ్లను కొంతకాలం ఉండనిచ్చే వీసా మీద నెట్టుకొస్తున్నదాన్ని. ఆ గడువు తీరేలోగా శాశ్వత నివాసానికి దారి వెతుక్కోవాలి. వయసుకిన్ని, చదువుకిన్ని, ఇంగ్లీషుకిన్ని అని పాయింట్లు ఇస్తారు. నగరం వదిలి చిన్న ఊళ్లో ఉంటామంటే మరికొన్ని కలుస్తాయి. బస్సులో కూర్చున్నా, బట్టలు ఆరేస్తున్నా అవే కూడుకునేదాన్ని. సరిగ్గా అప్పుడే మావాళ్లు విజయవాడలో సంబంధం ఖాయం చేశారు, నేను సెలవు పెట్టి వచ్చి పెళ్లి చేసుకున్నాను. అబ్బాయి బీకాం. గవర్నర్‌పేటలో తండ్రితో కలిసి కుళాయిలు, వాష్‌బేసిన్లు అమ్మే హోల్‌సేల్ షాపు చూసుకుంటాడు. అక్కడికొచ్చి ఏ పనైనా చేసుకుంటానన్నాడు. పెళ్లిచూపుల్లో "మీకేం ఇష్టం?" అని నేనడిగితే "మీకు?" అన్నాడు. ఆహా, ఎంత సంస్కారం అని మురిసిపోయాను.

కాళ్ల పారాణి ఆరకముందే ఒక కన్సల్టెన్సీకి బయలుదేరాం. మామగారు కూడా వచ్చారు (ఆయన లేకుండా ఆ ఇంట్లో పాలప్యాకెట్ కూడా కొనరు). అక్కడి కౌన్సెలర్‌కి మేం తర్వాత పాయింట్ల పంతులు అని పేరు పెట్టుకున్నాం. నా వివరాలన్నీ కంప్యూటర్‌లో కొట్టి, "మేడం, పెళ్లయిందా?" అన్నాడు. మెడలో పసుపుతాడు ఇంకా పచ్చిగానే ఉంది. "అయిందండీ" అన్నాను గర్వంగా. "అయ్యో" అన్నాడు.

"పెళ్లి కాకపోతే పది పాయింట్లండీ. అయితే ఆ పదీ పోతాయి. భర్తగారి ఉద్యోగం వాళ్ల లిస్టులో ఉండి, దానికి తగ్గ కాగితాలుంటే పదీ తిరిగొస్తాయి. లేదంటే ఆయన ఇంగ్లీషు పరీక్ష పాసైతే ఐదు. రెండూ లేకపోతే సున్నా."

మామగారు కుర్చీలోంచి లేచారు. "మావాడు సున్నానా? గవర్నర్‌పేట నుంచి బందరు దాకా మావాడి మాట మీద సరుకు దిగుద్దయ్యా! పెళ్లి కాని పిల్లకి పది, మొగుడున్న పిల్లకి సున్నా ఏంటి? ఎక్కడన్నా ఉందా ఈ చోద్యం?"

"రూలు నేను పెట్టలేదు కదండీ బాబాయ్ గారూ" అన్నాడు పంతులు దీనంగా. తర్వాత విడమరిచి చెప్పాడు. ఐదు వస్తే చిన్న ఊరి దారిలో గట్టెక్కుతానట. ముందు అక్కడ కొన్నేళ్లు కాపురం, ఆ తర్వాత శాశ్వత నివాసం. సున్నా అయితే గడువు తీరగానే పెట్టె సర్దుకోవడమే. "చిన్న ఊరంటే ఎంతుంటది? మన కంకిపాడంత ఉంటదా?" అని మామగారు అడిగారు. నాకు ఆ మాటలేవీ చెవికెక్కలేదు. ఇన్నేళ్ల నా కష్టమంతా ఇప్పుడు మా ఆయన నోటి మీద ఆధారపడి ఉంది.

సెలవు పొడిగించుకుని పాఠాలు మొదలుపెట్టాను. చదవడం, రాయడం, వినడం మూడూ బాగానే ఉన్నాయి. చిక్కల్లా మాట్లాడడం దగ్గర. ఇంగ్లీషు రాక కాదు. బేరంలో ముందు నోరు విప్పినవాడు ఓడినట్టేనని మామగారు చిన్నప్పటి నుంచీ నూరిపోశారు. అందుకని కుళాయి ఎంతండీ అని ఎవరైనా అడిగితే మా ఆయన ధర చెప్పరు. "మీరు ఎక్కడ కడుతున్నారండీ?" అంటారు. ఎన్ని గదులు, మేస్త్రీ ఎవరు, గృహప్రవేశం ఎప్పుడు అని ఒక్కొక్కటే అడుగుతారు. వచ్చినవాళ్లు ఇంటి సంగతులన్నీ చెప్పుకుని, చివరికి ధర కూడా వాళ్లే చెప్పి వెళ్తారు. పెళ్లిచూపుల్లో నేను చూసింది సంస్కారం కాదు, వ్యాపారం.

మొదటి పరీక్షనాడు ఆయన వెలిగిపోతూ బయటికొచ్చారు. "ఎలా జరిగిందండీ?" అన్నాను ఆత్రంగా. "ఎలా జరుగుద్దనుకున్నావ్?" అన్నారు. పీక పట్టుకున్నంత పని చేస్తే అసలు సంగతి చెప్పారు. పరీక్ష చేసే ఆయన మొదటి ప్రశ్నగా మీరుండేది ఇంట్లోనా, ఫ్లాట్‌లోనా అని అడిగాడట. వాష్‌బేసిన్ల వ్యాపారిని అడగవలసిన ప్రశ్నేనా అది! మా ఆయన చటుక్కున "యూ సార్? ఓన్ హౌస్? కన్‌స్ట్రక్షన్ కంప్లీటెడ్?" అన్నారట. ఆ పెద్దమనిషి ఎంత దారిలో పెట్టబోయినా ప్రతి ప్రశ్నా తిరిగి ఆయన ఒళ్లోకే వెళ్లింది. "పాపం మంచాయన. ఇల్లు కడుతున్నాడంట, పైన ఇంకా ప్లంబింగ్ కాలేదంట" అన్నారు మా ఆయన జాలిగా. ఫలితాల్లో మూడింటికి మంచి మార్కులొచ్చి, మాట్లాడడం దగ్గర తన్నేసింది.

ఆ మధ్యాహ్నం షాపులో, కుళాయిల అట్టపెట్టెల మధ్య కూర్చుని సిగ్గు లేకుండా ఏడ్చాను. మా ఆయన మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టి, "నన్ను తీసేసి నీ ఒక్కదానికే పెట్టుకో. నా మూలంగా నువ్వు ఆగిపోవద్దు" అన్నారు. పెళ్లయ్యాక ప్రశ్న లేకుండా ఆయన తన మనసులోది నాతో అన్న మొదటి మాట అదే. నాకు ఆయన మీద ప్రేమ పుట్టింది కూడా అప్పుడే, ముక్కు తుడుచుకుంటుండగా. "మిమ్మల్ని వదిలేసి వెళ్లినా సున్నాయే వస్తుంది" అన్నాను. "అయితే తీసుకెళ్లక తప్పదా?" అని అడిగారు. మళ్లీ ప్రశ్నే.

పేపరు చదువుతున్నట్టు నటిస్తున్న మామగారు అప్పుడు కళ్లజోడు తీశారు. "ఒరే, ఆ గులాబీ బేసిన్ అమ్మేటప్పుడు ఏం చేస్తావ్?"

గులాబీ రంగు బేసిన్ అంటే ఆ షాపు తలరాత. ఎప్పుడో ఫ్యాషనని దించిన సరుకులో ఒక్కటి మిగిలిపోయింది, ఎవరూ ముట్టుకోరు. "దానికి ప్రశ్నలేం ఉంటాయి నాన్నా, సందిస్తే పారిపోతారు. ఊపిరి తిప్పుకోకుండా చెప్పడమే."

"మరి పరీక్షలో కూడా సందివ్వమాక."

ఆ రోజు నుంచి భోజనాలయ్యాక, గిరాకీ పల్చబడిన వేళ, మా ఆయన నాకు ఆ బేసిన్‌ని ఇంగ్లీషులో అమ్మేవారు. దాని నునుపు, దాని గట్టితనం, ఆ రంగు చూస్తే పొద్దున్నే మనసెలా తేలికవుతుందో అన్నీ చెప్పేవారు. మామగారు ఎదురుగా కూర్చుని తెలుగులో "మాకొద్దండీ, మా ఆవిడ తిట్టుద్ది" అంటూ బిగుసుకునేవారు. పక్క షాపులవాళ్లు వచ్చి వినేవారు (అంత విన్నా ఒక్కరూ కొనలేదు).

రెండోసారి పరీక్షలో మీకు ఇష్టమైన వస్తువు గురించి చెప్పమన్న చీటీ వచ్చిందట. ఇక చెప్పేదేముంది. టైమైపోయిందని ఈసారి కూర్చున్నావిడ ఆపితే గానీ ఆగలేదట. "ఎలా జరిగిందండీ?" అంటే, "తీసుకునేలాగే ఉంది" అన్నారు.

పాసయ్యారు. మామగారు బజారంతా తిరిగి "మావాడు ఐదు!" అని చాటారు. అదేంటో తెలియనివాళ్లు వందకి ఐదనుకుని ఓదార్చారు కూడా. తర్వాత వీసాకి పిలుపొచ్చింది, చిన్న ఊళ్లో కాపురం పెట్టాం (కంకిపాడంత కూడా లేదు), అక్కడ కొన్నేళ్లు గడిచాక శాశ్వత నివాసమూ వచ్చింది. మా ఆయన అక్కడ కూడా పైపుల షాపులోనే పనిచేస్తున్నారు, ఊళ్లో సగం మంది ఇళ్ల సంగతులు ఆయనకి తెలుసు.

ఇప్పుడు సెలవులకొచ్చి, ఒకప్పుడు ఏడ్చిన చోటే కూర్చుని ఇది రాస్తున్నాను. గులాబీ బేసిన్ ఇంకా ఉంది. ఇప్పుడెవరైనా అడిగినా మామగారు అమ్మరు, "అది మా కోడలి ఐదు పాయింట్లండీ" అంటారు. కౌంటరు దగ్గర ఎవరో కుళాయి ధర అడిగితే మా ఆయన "మీరు ఎక్కడ కడుతున్నారండీ?" అంటున్నారు. పరాయి ఊళ్లో పని నుంచి అలిసి ఇంటికి చేరిన ప్రతి సాయంత్రం నన్ను కూడా ఇలాగే అడుగుతారు. రోజెలా గడిచింది, ఎవరేమన్నారు, మధ్యాహ్నం ఏం తిన్నావు అని. తన సంగతి చివరికి గానీ చెప్పరు. ఆ అలవాటు మాన్పించాలని ఆ రోజుల్లో నేనెంత పోరు పెట్టానో గుర్తొస్తే నవ్వొస్తుంది. పరీక్ష గదిలో ఉన్న ఆ కాసేపు తప్ప ఆయన నా మాట వినకపోవడం నా అదృష్టం.