వాలు, పల్లం, దిగుడు

నిన్న కర్నూలు ఆసుపత్రిలో, అరవై దాటిన మా అమ్మాయి నా చక్రాల కుర్చీని కిందికి దింపుతుంటే, అక్కడివాళ్లు ఆ దారిని ర్యాంప్ అన్నారు. నా ఈడువాళ్లు ఎంతమంది మిగిలారో గానీ, దాన్ని మనం పిలిచే పేర్లు మీకు గుర్తున్నాయా? నీళ్లు పారితే పల్లం, బండి దిగితే వాలు, మనిషి దిగితే దిగుడు.

తెల్లదొరల కాలం చివర్లో జొన్నల బస్తాలతో నల్లమల కనుమ దిగేవాళ్లం. వాలు రాగానే నాయన బండి వెనక ఓ మొద్దు కట్టి, ఎద్దులను నిలవరిస్తూ ముందు నడిచేవాడు. మొద్దు నేలను రాసుకుంటుంటే ఎర్రదుమ్ము, కమిలిన చెక్క వాసన. అమ్మ బండి వెనక తాడు పట్టుకుని, మడమలు నేలకు తన్ని, ఒళ్లంతా వెనక్కి వాల్చేది. బస్తాల మీద కూర్చున్న నేను భయపడి వెనక్కి తిరిగితే, "ముందుకు చూడు నాయనా, నేను పట్టుకోనుండా" అనేది. ఇల్లు చేరాక అరచేతులకు ఆముదం రాసుకునేది.

ఎక్కడం కంటే దిగడానికే ఓపిక కావాలని ఇప్పుడు తెలుస్తోంది. నిన్న సగం దిగేసరికి కుర్చీ జోరందుకుంది. వెనక అమ్మాయి ఆయాసం వినిపించి తల తిప్పబోయాను.

"ముందుకు చూడు నాయనా, నేను పట్టుకోనుండా."