మూడువందల పన్నెండు అడుగుల నీలం

జగిత్యాలలో మా బామ్మర్ది ముచ్చటపడి కట్టించుకున్న స్నానాల గదిని ఒక్క రోజులో ఎలా పాడుచేశానో చెబుతాను. కొలతలతో సహా చెబుతాను, ఎందుకంటే నా కొంప ముంచింది కొలతలే.

బామ్మర్ది రాజేశం మస్కట్‌లో ఉండేవాడు. ఇంటిని నాకూ, నా భార్య లక్ష్మికీ అప్పగించి పోయాడు. మూడేళ్ళలో స్నానాల గది టైల్స్ తెల్లగానే ఉన్నాయి గానీ, వాటి మధ్య సందులు మాత్రం బీడీలు తాగేవాడి పళ్ళలా తయారయ్యాయి. ఇంతలో శుక్రవారం వస్తున్నానని ఉత్తరం.

"తమ్ముడు ఇల్లు మన చేతుల పెట్టి పోయిండు. వాని ముంగట నా ఇజ్జత్ తీయకు," అంది లక్ష్మి.

ఆ సందులు మళ్ళీ పూయడానికి మేస్త్రి ఎల్లయ్య సారంగాపూర్ నుంచి రావాలి. అడవిలోని నక్సలైట్ అన్నలు బంద్‌కు పిలుపివ్వడంతో బస్సులు ఆగిపోయాయి. సరే, నేనే చేస్తానన్నాను.

నేను చదివింది ఏడో తరగతి. అయినా కట్టె డిపోలో దుంగను చూడగానే ఎన్ని ఘనపుటడుగులో చెప్పేవాణ్ణి. గురువారం పొద్దున ఆ పొగరుతోనే టేపు పట్టుకుని గదిలోకి దిగాను. ఆరంగుళాల టైల్స్ మూడువందల పన్నెండు. ఒక్కోదానికి పైన అరడుగు, పక్కన అరడుగు సందు. మొత్తం మూడువందల పన్నెండు అడుగులు. ఇంతవరకు లెక్క తప్పలేదు, కావాలంటే మీరూ వేసి చూసుకోండి.

పాత సందులు మేకుతో గీకి, బేసిన్‌లో రెండు కిలోల వైట్ సిమెంట్ కలిపాను. గోడలకు వేసే సున్నంలో నీలిమందు కలిపితే తెలుపు మెరుస్తుంది కదా, దీనికీ ఆ వైద్యమే చేద్దామనిపించింది.

"లక్ష్మీ, సున్నంల నీలి ఎంత కలుపుతరు?"

"బకెట్‌కు ఒక పొట్లం."

బకెట్ సున్నం నూటయాభై చదరపు అడుగుల గోడకు వస్తుంది. అంటే మూడువందల పన్నెండుకు రెండు పొట్లాలు, పైన చిటికెడు! గోడకు పొడవుతో పాటు వెడల్పూ ఉంటుందనీ, సందు వెడల్పు దారమంతేననీ ఈ బుర్రకు తట్టలేదు. రెండు బకెట్ల సున్నానికి సరిపోయే నీలిమందునంతా ఆ బేసిన్‌లో గుమ్మరించాను.

"ఏందయ్యా, గంత నీలమున్నది?"

"పచ్చిగున్నప్పుడు గట్లనే ఉంటది. ఆరితే తెల్లగైతది."

"అది సున్నమయ్యా. గిది సిమెంటు."

"లెక్క నాకెరుక. నువ్వు చాయ్ పెట్టు."

సాయంత్రానికి మొత్తం పూసేశాను. తెల్లారి చూస్తే ఆరింది. ఆరి, ఇంకా నీలమైంది. గదికి గదే గళ్ళ లెక్కల నోటుబుక్కులా ఉంది.

లక్ష్మి గడపలో నిలబడి నాలుగు గోడలూ కలియజూసింది. "పెన్సిల్ తేవాల్నా? గీడనే కూసోని లెక్కలు చేసుకో."

బంద్ అయిపోయి ఎల్లయ్య అప్పుడే ఊడిపడ్డాడు. లోపలికి తొంగి చూసి, "ఇంకా నయం సారూ, ఎర్రరంగు కలపలే. కలిపితే ఈపాటికి ఠాణల కూసుందువు," అన్నాడు.

"గీకెయ్యి ఎల్లయ్యా, జల్ది!"

"రెండు దినాల పని సారూ."

రెండు దినాలెక్కడివి? బయట రాజేశం ఆటో ఆగింది. "ముందు తానం చేస్త అక్కా," అంటూ నేరుగా లోపలికి పోయి తలుపేసుకున్నాడు. లక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు చూశాక గానీ నాకు భయం వేయలేదు.

తలుపు తెరుచుకుంది. తెల్ల బనీనులో రాజేశం.

"బావా, గా గీతలేంది?"

"లెక్క తప్పిందిరా."

"నువ్వా? లెక్క తప్పుడా?" అంటూ తువ్వాల కోసం వెనక్కి తిరిగాడు. బనీను తొడుక్కుంటూ తడిసిన గోడకు ఆనుకున్నట్టున్నాడు, వీపంతా నీలం గళ్ళు!

లక్ష్మి గడప మీద కూలబడి పడీపడీ నవ్వింది.

"ఏందక్కా, గట్ల నవ్వుతున్నవ్?"

"మీ బావకు గోడ సరిపోలేదురా. మిగిలిన లెక్క నీ వీపు మీద చేసిండు."

రాజేశం బనీను విప్పి చూసుకుని తానూ నవ్వాడు. "గిది ఉతకకు అక్కా. మస్కట్ తీస్కపోత. మా బావ కొలతలు గిట్లుంటయని అందరికి చూపిస్త."

బనీను మీద గళ్ళు ఆరు. వాటిని మాత్రం సరిగ్గానే లెక్కపెట్టాను. ఆ ఆరు గళ్ళ సాక్షిగా అప్పుడే ఒట్టు వేసుకున్నాను: దుంగలు కొలుస్తాను, పొలాలు కొలుస్తాను గానీ, నీలిమందు పొట్లం కనిపిస్తే ఆమడ దూరం నుంచే దండం పెట్టి, చాయ్ నేనే పెట్టుకుంటాను.