గంగులు తినని పండు

సోడెం గంగులు మామిడిపండు తినడని మా షెడ్డులో అందరికీ తెలుసు. తెలిసి ఏం లాభం? తెలిసినదాన్ని నేనే అతని కొంప ముంచాను.

నూజివీడు పక్క తోటల్లో పళ్ళు ఏరి, గ్రేడు చేసి, పెట్టెల్లో సర్దించడం నా పని. ఇరవై రెండేళ్ళుగా గంగులు కోస్తున్నాడు, నేను ఏరుతున్నాను. చింతలపూడికి అవతల, అడవి అంచున వాళ్ళ కోయగూడెం. మార్చి చివర చిక్కం భుజాన వేసుకుని బస్సు దిగుతాడు, జూన్‌లో వెళ్ళిపోతాడు. చిక్కమంటే కర్ర చివర కట్టిన వల. అతని వల అతనే అల్లుకుంటాడు, ఇంకొకరిని ముట్టనివ్వడు. అతను దించిన చిన్నరసానికి దెబ్బ ఉండదు, సొన మరక ఉండదు. కాయల్ని తొడిమ కిందికి వచ్చేట్టు గడ్డి మీద బోర్లించి, సొన కారిపోయాకే నా దగ్గరికి పంపిస్తాడు. తొందరపెడితే వినడు. "పండేవన్నా పారిపోద్దా హైమమ్మా?" అంటాడు.

అంత పనివాడు పండు మాత్రం నోట పెట్టడు. వాళ్ళ ఊళ్ళో మామిడి పండగ అయ్యేదాకా అంతే. ఆ రోజు ముత్యాలమ్మకి కొత్త పండు పెట్టాకే ఊరంతా తింటారు. కూలికి కోయడం కోయడమే, తినడం తినడమే. మేం మామిడికాయ పప్పు వండుకుంటే అతను మజ్జిగ పోసుకుంటాడు. మొదట్లో మేమేం తక్కువ తినలేదు. "ఏంటి గంగులూ, షుగరా?" అని తెగ ఏడిపించేవాళ్ళం. అతను నవ్వి ఊరుకునేవాడు. మేలో రెండు రోజులు ఊరికి వెళ్ళి పండగ చేసుకుని వచ్చాక, మాతో కూర్చుని మోచేతుల దాకా రసం కారేట్టు తినేవాడు.

ఈ ఏడు సంగతి వేరు. అమ్మవారికి మొదటి పండు పెట్టేది వాళ్ళ ఇంటివాళ్ళే. ఇన్నాళ్ళూ అన్న పెట్టాడు. పోయిన ఆషాఢంలో ఆ అన్న పోయాడు. ఈసారి గంగులు తన చేత్తో పెట్టాలి. పెట్టే మనిషి ఆ ఏడు పండు రుచి చూసి ఉండకూడదు. బుధవారం పండగ. ఆ మాట చెప్పేటప్పుడు అతని మొహం చూడాలి! పెళ్ళికొడుకు కూడా అంత సిగ్గుపడడు.

సరిగ్గా ముందు ఆదివారమే మా రైతుల సంఘానికి రసాల పండగ చేయాలని బుద్ధి పుట్టింది. స్టేజీ వెనక పెద్ద ఫ్లెక్సీ: 'అన్ని సంస్కృతులూ మనవే!' అంతకు వారం ముందు సంఘం కార్యదర్శి బసవపున్నారావుగారు షెడ్డుకి వచ్చారు.

"హైమవతమ్మా, మీ గంగుల్ని స్టేజీ ఎక్కిద్దామమ్మా. గిరిజన సోదరుడికి సన్మానం. శాలువా కప్పుతాం, పేపర్లో ఫోటో కూడా వస్తుంది" అన్నారు.

నాకు సంతోషమే వేసింది, అబద్ధమెందుకు? ఇన్నేళ్ళకి ఒకరు గుర్తించారు కదా అనుకున్నాను. గంగులే ఒప్పుకోలేదు. "నాకెందుకమ్మా అయ్యన్నీ" అన్నాడు. నేనే వెంటపడి బతిమాలాను. "పండు ఎవరూ పెట్టరు, నాది పూచీ" అన్నాను. పూచీ పడ్డదాన్ని కదా, సంఘం ఆఫీసుకి వెళ్ళి మరీ చెప్పాను.

"అతను పండు తినడండీ. వాళ్ళ పండగ దాకా దీక్షలాంటిదండీ. దయచేసి పండు మాత్రం పెట్టకండి."

"దీక్షా! అబ్బ, ఎంత మంచి మాట చెప్పావమ్మా!" అని ఆయన కాగితం మీద రాసుకున్నారు. రాసుకుంటుంటే నేను మురిసిపోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆదివారం గంగులు నెత్తిన అద్దెకి తెచ్చిన ఈకల కిరీటం పెట్టారు. "మా ఊళ్ళో ఇది ఎవరూ పెట్టుకోరండీ" అంటున్నా వినలేదు. "ఊరుకోవయ్యా, కల్చర్ అంటే ఇదే" అని బిగించి కట్టేశారు. శాలువా కప్పి, ఒక చేతిలో మెమెంటో, ఇంకో చేతిలో పళ్ళ బుట్ట పెట్టారు. చప్పట్లు కొట్టారు. అంతటితో దించేస్తే వీళ్ళ సొమ్మేం పోయింది?

బసవపున్నారావుగారు మైకు అందుకున్నారు. "సోదరులారా! చుట్టూ ఇన్ని పళ్ళున్నా ముట్టకుండా, ఈ గంగులు రెండు నెలలుగా మామిడి దీక్షలో ఉన్నాడు. ఇంతటి నిష్ఠాపరుడి దీక్షని మన ముఖ్య అతిథిగారు స్వహస్తాలతో విరమింపజేస్తారు!"

మన దగ్గర ఎవరైనా టెంటు వేసుకుని దీక్షకి కూర్చుంటే, పెద్దవాళ్ళు వచ్చి నిమ్మరసం తాగించి లేపుతారు కదా, ఆయన బుర్రలో అదే ఉంది. ఆయన లెక్కలో అది గౌరవం! "వద్దండీ!" అని అరుస్తూ పరిగెత్తాను. అప్పటికే డప్పులు మొదలయ్యాయి. "ఫోటోకి అడ్డమమ్మా" అని ఎవరో నన్ను పక్కకి లాగేశారు.

గంగులు మొహం తిప్పుకున్నాడు. "మావాడికి మొహమాటం!" అని బసవపున్నారావుగారు నవ్వుతూ అతని గడ్డం పట్టుకున్నారు. వద్దన్నకొద్దీ ఇంకో గరిటె వేయడం మా జిల్లాకున్న జబ్బు. అది ప్రేమే, కాదనను. అతిథిగారు ముక్క నోట్లోకి నెట్టేశారు. ఫోటోలు తీశారు.

గంగులు షామియానా వెనక్కి వెళ్ళి ఉమ్మేశాడు. నీళ్ళు పుక్కిలించాడు, మళ్ళీ మళ్ళీ పుక్కిలించాడు. నేను బసవపున్నారావుగారి మీదికి వెళ్ళాను.

"మీకు చెప్పానా లేదా?"

"చెప్పబట్టే కదమ్మా ఇంత ఘనంగా చేశాం! నీ మాటకి విలువిచ్చాం!" అన్నారు. ఆయన మొహంలో నిజంగానే నొచ్చుకున్న బాధ కనిపించింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ నా బతుకు. నా నోరు పడిపోను, దీక్ష అని ఎందుకన్నాను? కడుపారా తిడదామంటే చెడ్డవాడు కూడా దొరకలేదు నాకు.

"మింగలేదు కదా గంగులూ. మీ ఊళ్ళో ఎవరికి తెలుస్తుంది?" అన్నాను, సిగ్గులేకుండా.

అతను ఫోన్ తీసి ఊరికి చేశాడు. అమ్మవారికి మొదటి పండు చిన్నాన్న కొడుకుని పెట్టమన్నాడు. అవతల కారణం అడిగినట్టున్నారు. "నోట పడిందిలే" అన్నాడు. ఎవరి పేరూ చెప్పలేదు, నా పేరు కూడా.

మంగళవారం బస్సు దాకా వెళ్ళాను. క్షమించమని అడగాలని వెళ్ళి, "వెళ్తున్నావా మరి?" అని మాత్రం అడగగలిగాను.

"ఎల్లకపోతే ఎట్టాగమ్మా, పండగ కదా" అన్నాడు. బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చున్నాక, నా వైపు చూడకుండా అన్నాడు.

"రేపు ముసలోళ్ళ కాణ్ణించి పసిపిల్లల దాకా అందరూ తినేది మొదటి ముక్కేనమ్మా. నాకొక్కడికే రెండోది."