సముద్రం వైపు చూపు

ఫిలిప్పీన్స్‌లోని ఇలోఇలో ఊరి చేపల బజారులో, ఎండుచేపల కొట్టు పక్కన రెమెదియోస్ బల్ల ఉంటుంది. డాక్టరు పరీక్ష అక్కర్లేని జీవిత బీమా అమ్ముతుంది. అడగవలసింది ఒక్కటే: "ఏమైనా జబ్బుందా?" అది అడిగేటప్పుడు ఆమె కిటికీలోంచి సముద్రాన్ని చూస్తుంది. ఎదురుగా కూర్చున్నవాళ్ల వాచిన పాదాలు, అణచుకున్న దగ్గు తన కంట పడకూడదు. "లేదు" అని వినగానే కలం కదులుతుంది. "మా మొహాలకంటే ఆ పడవలే బాగున్నాయా, రెమీ?" అని చేపలమ్మేవాళ్లు ఆటపట్టిస్తారు. ఆమె నవ్వదు.

నిన్న అక్క నెనీత వచ్చి ఎదురుగా కూర్చుంది. పొద్దున ఆమెను డయాలసిస్‌కు తీసుకెళ్లింది రెమెదియోసే. చేతి మీద దూది ఇంకా అంటుకునే ఉంది.

"ఏమైనా జబ్బుందా?" అంది రెమెదియోస్, నీళ్లను చూస్తూ.

"లేదు."

కలం కదల్లేదు. రెమెదియోస్ మెల్లగా తల తిప్పి ఆ దూదిని చూసింది.

"వద్దక్కా. నువ్వు పోయాక ఆస్పత్రి కాగితాలు తిరగేస్తారు. అబద్ధమని తేలితే పిల్లలకి ఒక్క పెసో కూడా ఇవ్వరు."

నెనీత బజారు వైపు చూసింది. దాదాపు అందరూ చెల్లెలి దగ్గర బీమా కడుతున్నవాళ్లే.

"మరి వీళ్లకి చెప్పావుటే ఈ మాట?"

రెమెదియోస్ మళ్లీ కిటికీ వైపు తిరిగింది. సముద్రం ఏ రంగూ లేకుండా పడుకుని ఉంది.